మూలచిత్రం, అంచువ్రాత, కర్తృత్వం: జాక్ కిర్బీ కామిక్స్ జీవితం

ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కామిక్స్‌లో అచ్చయిన ప్రతి పేజీ వెనుక ఒక దళసరి డ్రాయింగు అట్ట ఉండేది. 1967 ప్రాంతం వరకు దాని మీది బొమ్మ సుమారు 12.5 అంగుళాల వెడల్పు, 18.5 అంగుళాల పొడవు ఉండేది. అచ్చులో కనిపించే కొలతకు అది రెండింతలు. తరువాత 10, 15 అంగుళాలకు తగ్గింది. ఆ అట్ట మీద ఒకరు పెన్సిలుతో కథను గీసేవారు. మరొకరు మాటల బుడగల్లో అక్షరాలు రాసేవారు. ఇంకొకరు పెన్సిలు గీతల మీద కుంచెతో, కలంతో నల్లసిరా దిద్దేవారు. సిరా ఆరాక పెన్సిలు గీతలను రబ్బరుతో తుడిచేసేవారు. రంగులు ఈ అట్ట మీద పడేవి కావు. వేరే నకలు మీద రంగుల సూచన తయారయ్యేది. అట్టను ఫొటో తీసి, చిన్నది చేసి, అచ్చుకు పంపాక ప్రచురణకర్తకు దానితో పని తీరిపోయేది. కొన్ని అట్టలు గోదాముల్లో పోగుపడ్డాయి. కొన్నింటిని చింపి పారేశారు. కొన్ని ఆఫీసు చూడవచ్చినవారి చేతికి కానుకగా వెళ్ళాయి.

ఈ అట్టనే మూలచిత్రం అంటున్నాం. నేడు వేలంపాటల్లో దీనికి ఊహాతీతమైన ధర పలుకుతోంది. 2022 జనవరిలో స్పైడర్‌మాన్ నల్ల దుస్తుల్లో కనిపించే ఒక్క పేజీ మూలచిత్రం 33 లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్ముడుపోయింది. అయితే సాహిత్య చరిత్రకు మూలచిత్రం ధరతో నిమిత్తం లేదు. ఒక రచన ఎవరిది, ఎంతవరకు ఎవరిది అన్న ప్రశ్నకు అది ప్రాథమిక ఆధారం. జాక్ కిర్బీ (1917–1994) జీవితం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. కామిక్స్ చరిత్రలో అంత విస్తారంగా గీసినవారు, గీసినదాని మీద అంత తక్కువ హక్కు పొందినవారు అరుదు.

కర్తృత్వ చర్చ తెలుగు పరిశోధనకు కొత్త కాదు. 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వాదం వేటూరి ప్రభాకరశాస్త్రి కాలం నుంచి నడుస్తూనే ఉంది. అక్కడ పరిశోధకులు ఆశ్వాసాంత గద్యను, ప్రతుల్లోని పాఠాంతరాలను, శైలిని సాక్ష్యంగా పిలిచారు. కావ్యం అచ్చయిన పుస్తకం ఒక్కటే చేతిలో ఉంటే ఆ వాదానికి సగం బలం పోతుంది. కామిక్స్ విషయంలోనూ పరిస్థితి ఇదే. అచ్చు ప్రతి మొదటి పేజీలో ఉండే పేర్లు ఆశ్వాసాంత గద్య వంటివి; అవి చెప్పేది కొంత, దాచేది కొంత. తాళపత్రం చేసే పని ఇక్కడ మూలచిత్రం చేస్తుంది.

కర్మాగారం నుంచి కామిక్స్‌కు

కిర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్స్‌బెర్గ్. 1917 ఆగస్టు 28న న్యూయార్కు నగరం లోయర్ ఈస్ట్ సైడ్‌లో, ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి దుస్తుల కర్మాగారంలో పనివాడు. చిత్రకళా విద్య అంటూ దాదాపు లేదు. ఫ్లైషర్ యానిమేషన్ స్టూడియోలో, ఒక కదలికకూ మరో కదలికకూ నడుమ ఉండే బొమ్మలు గీసే పనిలో కొంతకాలం ఉన్నాడు. వరుసగా వేసిన బల్లలు, వాటి ముందు కూర్చుని ఒకే పని చేసే మనుషులు, ఆ వాతావరణం తండ్రి పనిచేసే కర్మాగారాన్ని గుర్తుచేయడంతో అది వదిలేశానని తరువాత చెప్పాడు. తప్పించుకోవాలనుకున్న కర్మాగారం కామిక్స్‌లో కూడా ఎదురైందన్నది ఆయన జీవితాన్ని చదివేవారికి తప్పక తోచే మాట.

జో సైమన్‌తో కలిసి ఆయన సృష్టించిన 'కెప్టెన్ అమెరికా' తొలి సంచిక 1941 మార్చి తేదీతో వెలువడింది. దాని ముఖచిత్రం మీద కథానాయకుడు హిట్లర్ దవడ మీద గుద్దుతూ ఉంటాడు. అమెరికా అప్పటికి ఇంకా యుద్ధంలోకి దిగలేదు. సంచికలు లక్షల్లో అమ్ముడుపోయాయి. లాభాల్లో రావలసిన వాటా విషయమై ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మాన్‌తో పొసగక, పది సంచికల తరువాత సైమన్, కిర్బీ బయటికి వచ్చారు. పాత్ర మాత్రం ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత ఇదే కథ ఇంకా పెద్ద కొలతలో జరిగింది.

1943లో సైన్యంలోకి పిలుపు వచ్చింది. 1944 ఆగస్టులో నార్మండీ తీరాన దిగాడు. బొమ్మలు గీయగలడని తెలిసి, ముందుకు వెళ్ళి శత్రుస్థానాలను చూసి పటాలు గీసుకురమ్మని పంపేవారు. ఆ చలికాలంలో పాదాలు మంచుకు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. యుద్ధం తరువాత, 1947లో, సైమన్‌తో కలిసి 'యంగ్ రొమాన్స్' పత్రికతో ప్రేమకథల కామిక్స్‌కు బాట వేశాడు. అందులో వారిద్దరికీ లాభంలో వాటా ఉండేది. కిర్బీ వృత్తి జీవితంలో సృష్టికర్తకు న్యాయమైన భాగం దక్కిన కాలం అదొక్కటే అనవచ్చు. 1954లో కామిక్స్ బాలలను చెడగొడుతున్నాయన్న ఆందోళన అమెరికన్ సెనేట్ విచారణ దాకా వెళ్ళి, పరిశ్రమ తనకు తానే ఒక నియమావళిని విధించుకోవడంతో మార్కెట్టు కుంగింది. అదే సమయంలో సైమన్, కిర్బీ సొంతంగా పెట్టిన ప్రచురణ సంస్థ మూతపడింది. నలభై ఏళ్ళు నిండిన కిర్బీ, కుటుంబ పోషణ కోసం మళ్ళీ గుడ్‌మాన్ సంస్థకే రావలసి వచ్చింది. అక్కడ సంపాదకుడు స్టాన్ లీ. సంస్థకు త్వరలోనే మార్వెల్ అన్న పేరు స్థిరపడింది.

అంచున రాసిన కథ

1961 నవంబరు తేదీతో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' తొలి సంచిక నుంచి 1970 దాకా లీ, కిర్బీ కలిసి చేసిన పని పరిమాణంలోనూ ప్రభావంలోనూ సాటిలేనిది. హల్క్, థోర్, ఎక్స్‌మెన్, అవెంజర్స్, బ్లాక్ పాంథర్ ఈ కాలానివే. 'ఫెంటాస్టిక్ ఫోర్' ఒక్కటే కిర్బీ వరుసగా 102 సంచికలు గీశాడు. ఇంత పని సాధ్యం కావడానికి ఒక ప్రత్యేకమైన పద్ధతి కారణం. మామూలుగా రచయిత పూర్తి స్క్రిప్టు రాసి ఇస్తే చిత్రకారుడు దానికి బొమ్మలు గీస్తాడు. మార్వెల్‌లో లీ ఒక్కడే అనేక పత్రికలు చూసుకోవలసి రావడంతో ఈ వరుస తిరగబడింది. కథ గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఒక్కోసారి ఆ మాటలు కొన్ని వాక్యాలకు మించేవి కావు. కిర్బీ ఇంటికి వెళ్ళి సంచిక మొత్తాన్ని గీసుకొచ్చేవాడు. సంఘటనల క్రమం, పేజీల విభజన, కొత్త పాత్రల రూపురేఖలు, కథ నడక అన్నీ ఆ దశలోనే నిర్ణయమయ్యేవి. గీసిన పేజీలు చేతికొచ్చాక లీ వాటికి సంభాషణలు, వ్యాఖ్యానం రాసేవాడు.

ఇక్కడే మూలచిత్రం సాక్షిగా నిలుస్తుంది. లీ సంభాషణ రాయాలంటే ప్రతి గడిలోనూ ఏమి జరుగుతున్నదో ఆయనకు తెలియాలి. అందుకని కిర్బీ గడుల పక్కన, అట్ట అంచుల్లో, పెన్సిలుతో చిన్న చిన్న వాక్యాలు రాసేవాడు. ఎవరు ఏమి చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, ఏమంటారు అన్నవి అందులో ఉంటాయి. అచ్చుకు ఫొటో తీసేటప్పుడు అంచు బయటికి పోతుంది కనుక పాఠకుడు వాటిని చూడడు. తుడవాలన్న శ్రద్ధ ఎవరికీ లేదు కనుక చాలా అట్టల మీద అవి అలాగే మిగిలాయి. వ్యాఖ్యాతలు రాసిన టీక కావ్యం పక్కన నిలిచినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి సంబంధం తలకిందులైనది. అంచున ఉన్నదే ముందు పుట్టిన పాఠం. నడుమ బుడగల్లో ఉన్నది దాని మీద వచ్చిన రచన.

ఈ అంచువ్రాతలకూ అచ్చు పాఠానికీ నడుమ తేడాలు ఉన్నాయి. చాలాచోట్ల లీ కిర్బీ సూచనను తన చమత్కారంతో పెంచాడు; ఆ సంభాషణల్లోని హాస్యం, పాత్రలకు తమలో తాము పడే సంకోచాలు, పాఠకుడితో చనువుగా మాట్లాడే గొంతు లీవే. కొన్నిచోట్ల కథ అర్థమే మారిపోయింది. 1967లో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' 66, 67 సంచికలు ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. కొందరు శాస్త్రవేత్తలు లోకానికి దూరంగా ఒక పరిపూర్ణ మానవుణ్ణి సృష్టిస్తారు. అచ్చులో వారు లోకాన్ని ఏలాలనుకునే దుష్టులు. అంచువ్రాతలను పరిశీలించిన పరిశోధకులు, కిర్బీ ఉద్దేశంలో వారు సదుద్దేశం గలవారని, లోపభూయిష్టులైన తమను చూసి పరిపూర్ణుడైన సృష్టి ఏమనుకుంటుందన్నదే ఆయన కథ అని నిరూపించారు. బొమ్మ మారలేదు, మాట మాత్రమే మారింది; కథ తాత్పర్యం తలకిందులైంది. ఆ తరువాత కిర్బీ మార్వెల్‌కు కొత్త పాత్రలు ఇవ్వడం బాగా తగ్గించాడన్నది గమనించదగ్గది.

సిల్వర్ సర్ఫర్ పాత్ర ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 1966లో 48 నుంచి 50 వరకు సంచికల్లో గ్రహాలను మింగే గెలాక్టస్ కథ వచ్చింది. పేజీలు అందినప్పుడు ఆకాశంలో పలక మీద నిలబడి వస్తున్న వెండి దేహపు మనిషి ఎవరో తనకు తెలియలేదని, అంతటి దేవతాస్వరూపుడికి ఒక దూత ఉండాలని కిర్బీ తానే చేర్చాడని లీ స్వయంగా పలుమార్లు ఒప్పుకున్నాడు. అయినా 1968లో ఆ పాత్రకు ప్రత్యేక పత్రిక మొదలైనప్పుడు దాన్ని గీసే పని మరొకరికి వెళ్ళింది.

దీనిని బట్టి అంతా కిర్బీదే అనడం కూడా సరికాదు. 1990లో అచ్చయిన ఒక సుదీర్ఘ సంభాషణలో కిర్బీ, లీ ఏమీ రాయలేదన్న ధోరణిలో మాట్లాడాడు. స్పైడర్‌మాన్ కూడా తన సృష్టే అన్నాడు. స్పైడర్‌మాన్ తొలి కథ వెలువడిన సంచిక మూలచిత్రాలు 24 పేజీలు 2008లో పేరు చెప్పని దాత ద్వారా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. అవి స్టీవ్ డిట్కో చేతి పని. ఆ సంచిక ముఖచిత్రం మాత్రం కిర్బీ గీసినదే. దాని మీద సిరా దిద్దినది డిట్కో. అన్యాయానికి గురైన మనిషి చెప్పే ప్రతి మాటా ప్రమాణం కాదు. మూలచిత్రం విలువ ఇందులోనే ఉంది: అది లీ ఆత్మకథాత్మక కథనాలనూ సరిదిద్దుతుంది, కిర్బీ చేదు జ్ఞాపకాలనూ సరిదిద్దుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. కిర్బీ సాధారణంగా తన బొమ్మలకు తాను సిరా దిద్దేవాడు కాడు. కనుక కిర్బీ మూలచిత్రం అన్నప్పుడు కంటికి కనిపించే గీత జో సిన్నాట్‌దో, విన్స్ కొలెట్టాదో, మరొకరిదో. కిర్బీ పెన్సిలు ఆ సిరా కింద ఉండి, తుడుపులో పోయింది. సిన్నాట్ ప్రతి గీతనూ గౌరవించి మెరుగుపెట్టాడని, కొలెట్టా గడువు అందుకోవడానికి వెనుక నిలబడ్డ మనుషులనూ భవనాలనూ తుడిచేసేవాడని పరిశోధకులు అంటారు. లేఖకుడు చెప్పినది రాయడం ఒకటి, తనకు పనికిరాదనిపించిన పద్యాన్ని వదిలేయడం ఒకటి. డెబ్భయ్యవ దశకంలో కిర్బీ సిరా పడకముందే తన పెన్సిలు పేజీలకు జిరాక్సు నకళ్ళు తీసి దాచుకోవడం మొదలుపెట్టాడు. ఆ మసక నకళ్ళు సిరా పట్టిన అసలు అట్టల కంటే కిర్బీకి దగ్గరివి. మూలం కంటే నకలు మూలానికి సన్నిహితమైన ఈ స్థితి పాఠపరిష్కరణ శాస్త్రానికి కొత్త ప్రశ్నే.

'చందమామ'తో పోల్చి చూస్తే ఒక వైచిత్రి తెలుస్తుంది. అక్కడ బొమ్మ మూలన చిత్రా, శంకర్ వంటి చిత్రకారుల సంతకం ప్రతి పాఠకుడికీ పరిచయం. ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రం ఆ కథల మీద అచ్చు కాలేదు. మార్వెల్‌లో ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. కానీ రచయిత లీ, చిత్రకారుడు కిర్బీ అన్న విభజన జరిగిన పనికి సరిపడలేదు. 1966 నాటికి ఆ వాక్యం మారి, ఇద్దరి నిర్మాణం అన్న అర్థం వచ్చే మాట చేరింది. ఆ సంవత్సరమే జనవరిలో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం లీని ఆకాశానికెత్తి, కిర్బీని పక్కన కూర్చున్న పనివాడిగా చిత్రించి నొప్పించింది.

దిద్దిన ముఖాలు

1970లో కిర్బీ మార్వెల్ వదిలి డీసీ సంస్థకు వెళ్ళాడు. అక్కడ 'న్యూ గాడ్స్', 'ఫరెవర్ పీపుల్', 'మిస్టర్ మిరకిల్' పత్రికలను తానే రాసి, గీసి, సంపాదకత్వం వహించి ఒకే పురాణకథగా అల్లాడు. కర్తృత్వం గురించి ఎవరూ సందేహించడానికి వీల్లేని రచన అది. అయినా మూలచిత్రం అక్కడ కూడా ఒక కథ చెబుతుంది. సూపర్‌మాన్ కనిపించే 'జిమ్మీ ఆల్సెన్' పత్రికలో కిర్బీ గీసిన సూపర్‌మాన్ ముఖాలు సంస్థ అలవాటుకు భిన్నంగా ఉన్నాయని, వాటిని అల్ ప్లాస్టినో, మర్ఫీ ఆండర్సన్‌లతో మళ్ళీ గీయించారు. దేహం కిర్బీది, తల మరొకరిది. అచ్చులో ఈ అతుకు చదువరికి లీలగా తెలుస్తుంది. అట్ట మీద దిద్దిన చోటు చేతితో తాకి చూపించవచ్చు. ప్రక్షిప్తాన్ని ఇంత భౌతికంగా పట్టుకునే అవకాశం మన ప్రాచీన గ్రంథాల్లో ఎన్నడూ రాదు.

1972లో 'న్యూ గాడ్స్' ఆగిపోయింది. 'కమాండీ', 'ది డీమన్', 'ఓమాక్' తరువాత 1975లో మార్వెల్‌కు తిరిగివచ్చి మూడేళ్ళు పనిచేశాడు. అక్కడి నుంచి యానిమేషన్ రంగానికి వెళ్ళి రూబీ-స్పియర్స్ స్టూడియోలో నిలకడైన జీతం, ఆరోగ్య బీమా పొందాడు. జీవితమంతా పేజీకి ఇంత అని పుచ్చుకున్న మనిషికి అరవయ్యో పడిలో దొరికిన భద్రత అది.

ఈ కాలానిదే ఒక విచిత్రమైన ఘటన. రోజర్ జెలాజ్నీ 1967లో ప్రచురించిన 'లార్డ్ ఆఫ్ లైట్' నవలలో పాత్రలకు భారతీయ దేవతల పేర్లుంటాయి. దాన్ని సినిమాగా తీయాలన్న ప్రయత్నానికి 1979లో కిర్బీ భవనాలు, ఆలయాలు, రథాల వంటి యంత్రాల బొమ్మలు గీశాడు. సిరా దిద్దినది మైక్ రోయర్. సినిమా రాలేదు. 1980 జనవరిలో టెహరాన్‌లో చిక్కుకున్న ఆరుగురు అమెరికన్ దౌత్య ఉద్యోగులను సినిమా బృందం వేషంలో తప్పించడానికి గూఢచారి సంస్థ ఆ కథనూ ఆ బొమ్మలనూ 'ఆర్గో' అన్న పేరుతో వాడుకుంది. 2012లో అదే పేరుతో వచ్చిన సినిమాలో కిర్బీ పాత్ర కాసేపు కనిపిస్తుంది.

ఎనభై ఎనిమిది పేజీలు

డెబ్భయ్యవ దశకం మధ్య నుంచి సంస్థలు కొత్తగా గీసిన పేజీల అట్టలను చిత్రకారులకు తిరిగి ఇవ్వసాగాయి. దీనికి ఉదారత ఒక్కటే కారణం కాదు. 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అమెరికా కొత్త కాపీరైటు చట్టం, ఒక వస్తువు యాజమాన్యం వేరు, అందులోని రచన మీది హక్కు వేరు అని స్పష్టం చేసింది. అట్ట ఇచ్చినంత మాత్రాన కథ పోదు. తాళపత్రం కొన్నవాడు కవి కాలేడన్నది మనకు సహజంగా తోచే సంగతే గానీ, వ్యాపార లెక్కల్లో ఈ రెండూ కలగాపులగమై ఉండేవి. పాత పేజీల మాట వచ్చేసరికి చిక్కు మొదలైంది. అరవయ్యవ దశకంలో ఏ షరతు మీద పని జరిగిందో చెప్పే సరైన ఒప్పంద పత్రాలు లేవు.

1984లో మార్వెల్ పాత అట్టలను తిరిగి ఇవ్వడానికి సిద్ధపడి, అందుకు చిత్రకారులు ఒక పేజీ పత్రం మీద సంతకం చేస్తే చాలన్నది. కిర్బీకి మాత్రం నాలుగు పేజీల పత్రం పంపింది. పని అంతా కూలికి చేయించుకున్నదని ఆయన ఒప్పుకోవాలి, సంస్థ హక్కులను ఎన్నడూ ప్రశ్నించరాదు, ప్రశ్నించేవారికి తోడ్పడరాదు, అట్టలను ప్రదర్శించడానికి కూడా అనుమతి కావాలి. వీటన్నిటికీ బదులుగా వచ్చేవి 88 పేజీలు. అప్పటికి ఆయన ఆ సంస్థకు గీసినవి వేల పేజీలు. అనేకం గోదాముల నుంచి ఎప్పుడో మాయమై, అభిమానుల సమావేశాల్లో బాహాటంగా అమ్ముడుపోతున్నాయి. తాను గీసిన పేజీని తాను కొనుక్కోవలసిన స్థితి.

కిర్బీ సంతకం చేయలేదు. వయసు డెబ్భైకి దగ్గరపడింది, ఆరోగ్యం బాగులేదు. అయినా భార్య రాజ్‌తో కలిసి మూడేళ్ళు పట్టుపట్టాడు. 1986లో 'ది కామిక్స్ జర్నల్' పత్రిక ఈ అన్యాయాన్ని బహిరంగం చేసింది. వందమందికి పైగా వృత్తిలోనివారు ఆయన పక్షాన సంతకాలు చేశారు. అలన్ మూర్, ఫ్రాంక్ మిల్లర్ వంటి అప్పటి ప్రముఖులు గొంతు కలిపారు. కామిక్స్ వృత్తిలో చిత్రకారులు ఒక సామూహిక స్వరంతో మాట్లాడిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. 1987లో మార్వెల్ మెత్తబడింది. సవరించిన చిన్న పత్రం మీద కిర్బీ సంతకం చేశాడు. సుమారు రెండు వేల పేజీలు ఇల్లు చేరాయి. తొలి సంచికల అట్టలు చాలావరకు అందులో లేవు.

ఈ పోరాటాన్ని డబ్బు కోసమనడం తేలిక. ముసలితనంలో ఆ పేజీలు అమ్ముకుని బతకవలసిన అవసరం కిర్బీ కుటుంబానికి నిజంగానే ఉంది. దాన్ని చిన్నచూపు చూడడం తగదు. కానీ 1984 నాటి నాలుగు పేజీల పత్రంలోని షరతులను చదివితే, సంస్థ భయపడినది అట్ట ఖరీదుకు కాదని తెలుస్తుంది. అంచువ్రాతలతో సహా అట్టలు కర్త చేతికి వెళ్ళడం, వాటిని ఆయన నలుగురికీ చూపించడం, వాటి ఆధారంగా పాత్రలు తనవని అనడం, ఈ వరుసనే ఆ షరతులు అడ్డగించాయి.

న్యాయస్థానంలో చెల్లని సాక్ష్యం

కిర్బీ 1994 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో మరణించాడు. 2009లో, డిస్నీ మార్వెల్‌ను కొంటున్నట్టు ప్రకటించిన కొద్ది రోజులకే, ఆయన సంతానం 1958–1963 నడుమ సృష్టించిన పాత్రల మీద హక్కులను వెనక్కి తీసుకుంటామని నోటీసులు ఇచ్చారు. కర్త స్వయంగా హక్కును అమ్మి ఉంటే, నిర్ణీత కాలం తరువాత వారసులు వెనక్కి తీసుకునే వీలు అమెరికా చట్టంలో ఉంది. పని మొదటి నుంచీ చేయించుకున్నవారిదే అయితే ఆ వీలు లేదు. 2011లో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానం మార్వెల్ పక్షాన తీర్పు చెప్పింది. 2013లో పై న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది.

ఈ తీర్పులో పరిశోధకులకు పనికివచ్చే అంశం ఒకటుంది. 1909 నాటి పాత చట్టం కింద న్యాయస్థానం అడిగిన ప్రశ్న, పని ఎవరి ప్రేరణ మీద, ఎవరి ఖర్చు మీద జరిగింది అన్నది. కథను ఎవరు ఊహించారు అన్నది కాదు. కిర్బీ తన ఇంట్లో, తన పెన్సిలుతో, జీతం లేకుండా పనిచేశాడు; అయినా ఏ పత్రికకు గీయాలో చెప్పినది సంస్థ, అమ్ముడుపోకపోతే నష్టపోయేది సంస్థ, పేజీకి డబ్బిచ్చినది సంస్థ. కామిక్స్ చరిత్రకారులు మార్క్ ఇవానియర్, జాన్ మారో వారసుల పక్షాన ఇచ్చిన నిపుణుల వాంగ్మూలాన్ని న్యాయస్థానం స్వీకరించలేదు. అరవై ఏళ్ళనాడు అట్ట అంచున పెన్సిలుతో రాసిన వాక్యం కర్తృత్వానికి ఎంత గట్టి రుజువైనా, యాజమాన్యానికి రుజువు కాలేదు. సాహిత్య చరిత్ర అడిగే 'కర్త ఎవరు' అన్న ప్రశ్నకూ చట్టం అడిగే 'కర్త ఎవరు' అన్న ప్రశ్నకూ మాట ఒకటే, అర్థం వేరు. క్రీడాభిరామం విషయంలో ఏ న్యాయమూర్తికీ తీర్పు చెప్పే పని పడలేదు గనుక తెలుగులో ఈ రెండు అర్థాలూ ఎదురుపడలేదు.

వారసులు సుప్రీం కోర్టును ఆశ్రయించారు. ఆ విన్నపాన్ని విచారణకు తీసుకోవాలా వద్దా అని న్యాయమూర్తులు చర్చించబోయే ముందు, 2014 సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. వివరాలు బయటపెట్టలేదు. అప్పటి నుంచి మార్వెల్ పత్రికల్లో ఆ పాత్రల సృష్టికర్తలుగా లీ పేరు పక్కన కిర్బీ పేరు సమానంగా అచ్చవుతోంది. ఆశ్వాసాంత గద్య ఆలస్యంగా సవరణ పొందింది.

మూలచిత్రాలు మాత్రం చెదిరిపోయాయి. తిరిగివచ్చిన పేజీల్లో చాలావాటిని కుటుంబం అమ్మవలసి వచ్చింది. ఒకే కథలోని ఇరవై పేజీలు ఇరవైమంది సేకర్తల గోడల మీద ఉన్న సందర్భాలున్నాయి. 1994 నుంచి జాన్ మారో నడుపుతున్న 'ది జాక్ కిర్బీ కలెక్టర్' పత్రిక పెన్సిలు నకళ్ళను ప్రచురిస్తూ వస్తోంది. 2005లో ఏర్పడిన జాక్ కిర్బీ మ్యూజియం, యజమానుల దగ్గరికి వెళ్ళి అట్టలను స్కాన్ చేసి భద్రపరుస్తోంది. ఈ స్కానుల్లో బొమ్మను చుట్టూ కత్తిరించరు. అట్ట అంచు, దాని మీది పెన్సిలు అక్షరాలు, సంపాదకులు నీలి పెన్సిలుతో రాసిన సూచనలు, తెల్లరంగు పూసి దిద్దిన చోట్లు, అంటించిన కాగితపు ముక్కలు అన్నీ అందులో ఉంటాయి.